మా రోజుల్లో ఉలి కొలిమిలో పుట్టేది

చెక్కపని మీద మనసుపడి ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న లేత్ పెట్టుకునే కుర్రాళ్ళు ఈమధ్య మా బాపులపాడు వైపు కూడా కనిపిస్తున్నారు. వారమంతా విజయవాడలో ఉద్యోగం, ఆదివారం పూట కొయ్యపని. చాలా సంతోషం. కానీ వాళ్ళు నా దగ్గరికొచ్చి మొట్టమొదట అడిగే ప్రశ్న వింటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. "మేస్త్రి గారూ, లోపల తొలచడానికి ఏ సెట్టు కొనమంటారు?" గిన్నె చెయ్యడం వచ్చా నాయనా అంటే ఇంకా రాలేదండీ అంటారు. ఉలి సానపట్టడం వచ్చా అంటే తలదించుకుంటారు. చేతిలో ఫోను, అందులో సీమ నుంచి వచ్చే పనిముట్ల పెట్టె బొమ్మ. ఒక్కో పనిముట్టు వేలల్లో ఉంటుంది. పని ఇంకా మొదలే కాలేదు, అప్పుడే జేబు ఖాళీ.

మా రోజుల్లో ఈ ప్రశ్న పుట్టడానికే వీల్లేదు. ఎందుకంటే పనిముట్టు బజార్లో దొరికేది కాదు. తరిమెన పట్టడం, అంటే కొయ్యను తిప్పుతూ ఉలితో కోయడం, నేర్చుకోవాలంటే ముందు తాడు లాగాలి. కొయ్య చుట్టూ తాడు చుట్టి ఒకడు అటూ ఇటూ లాగుతుంటే, మేస్త్రి నేల మీద కూచుని ఉలి ఆనించేవాడు. కొయ్య తనవైపు తిరిగినప్పుడే ఉలి కోస్తుంది, వెనక్కి తిరిగినప్పుడు ఉలిని కొద్దిగా ఎడంగా పట్టాలి. అంటే సగం తిరుగుడులోనే పని. ఆ తాడు లాగుతూ కూచున్న కుర్రాడికి మేస్త్రి చెయ్యి ఎక్కడ ఆనుతోంది, ఉలి ఏ వాలులో ఉంది, పొట్టు పొడిలా రాలుతోందా చుట్టలు చుట్టలుగా వస్తోందా అన్నీ కళ్ళముందే కనబడేవి. ఉలి చేతికి రాకముందే పని సగం తలకెక్కేది.

పని కూడా ఇంటింటికీ అవసరమైన పనే. పట్టెమంచం కోళ్ళు, ఉయ్యాల బల్ల కడ్డీలు, మజ్జిగ కవ్వాలు, నూతి గిలకలు, పిల్లల బొంగరాలు, గోడకు కొట్టే చిలక్కొయ్యలు. లోపల తొలిచే పని అంటే కుంకుమ భరిణెలు, పిల్లలు ఆడుకునే పిడతలు. భరిణె చూడ్డానికి చిన్నదే గాని చేతివాటం అక్కడే బయటపడుతుంది. మూత బిగుతుగా కూర్చోవాలి, లాగితే 'టప్'మని రావాలి. అడుగు చదునుగా ఉండాలి, గోడ ఒకే మందంలో ఉండాలి. కోడు బయట ఎక్కడైనా గాటు పడితే చెరిపెయ్యచ్చు. భరిణె లోపల గాటు పడితే ఆ ముక్క పొయ్యిలోకే.

ఇన్ని పనులకూ మేస్త్రి దగ్గర ఉండే ఉలులు చేతి వేళ్ళతో లెక్కపెట్టచ్చు. ఒక గోరుళి, ఒక చదును ఉలి, విడదీయడానికి ఒక సన్న ఉలి, లోపల తొలచడానికి కొస గుండ్రంగా ఉన్నది ఒకటి, కొస పక్కకి వంగినది ఇంకొకటి. ఇవన్నీ కమ్మరి కొలిమిలో పుట్టినవే. అరిగిపోయిన ఆకురాయి గాని, పాత లారీ కమాను పట్టీ ముక్క గాని తీసుకెళ్ళి ఇస్తే, "ఇలా వంచు, ఇంత మందం ఉంచు" అని మనం పక్కన నిలబడి చెబితే, కమ్మరి సాగగొట్టి ఇచ్చేవాడు. ఎర్రగా కాల్చి ముంచి, మళ్ళీ సన్నని వేడి మీద గడ్డిరంగు తేలేదాకా ఉంచి ఆపేసేవాడు. గడ్డిరంగు దాటి నీలం తిరిగితే ఆ పదును నిలవదు. ఆ సంగతి కమ్మరికీ తెలుసు, ఉలి పట్టేవాడికీ తెలుసు. ఏది విరిగినా, ఏది అరిగినా పనిముట్టు పోయినట్టు కాదు, మళ్ళీ కొలిమికి వెళ్ళినట్టు.

ఇది మా ఊరి గొప్ప మాత్రమే కాదు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అక్కడి లక్కబొమ్మలు అంకుడు కర్రతో చేస్తారు. మెత్తని కర్ర, పోగు సన్నం, ఉలికి వెన్నలా లొంగుతుంది. తిరుగుతున్న బొమ్మకు లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. చిట్టి చిట్టి లక్కపిడతలు, భరిణెలు, లోపలంతా తొలిచినవి, ఆ ఊళ్ళో తరతరాలుగా చేస్తున్నారు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. చెట్ల రంగులను మళ్ళీ ఈ పనిలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 గణతంత్ర దినోత్సవం నాడు ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఊరేగినవి ఈ బొమ్మలే. ఇంత పేరు తెచ్చిన పని సీమ పనిముట్ల పెట్టె లేకుండానే సాగింది. పని చేసేవాడు తన చేతికి సరిపోయేలా చేయించుకున్న ఉలులే దానికి ఆధారం.

అంత దూరమెందుకు, మా పక్కనే నూజివీడు ఉంది. నూజివీడంటే లోకానికి రసాలు, బంగినపల్లి గుర్తొస్తాయి. కానీ అక్కడ పనస దుంగతో వీణలు చేసే వడ్రంగులు కూడా ఉన్నారు. వీణ కుండను లేత్ మీద తొలచరు. దుంగను చెక్కి, గోరుళితో, సుత్తితో కొద్దికొద్దిగా లోపల తీస్తారు. గోడ ఎక్కడ ఎంత పల్చబడాలో వేలితో తట్టి, చెవితో విని తెలుసుకుంటారు. తొలిచే పని అసలు రహస్యం అక్కడుంది. ఎంత తీశామన్నది ముఖ్యం కాదు, ఎంత మిగిల్చామన్నది ముఖ్యం. ఈ మాట ఏ పెట్టె మీదా అచ్చువేసి అమ్మరు.

ఇక ఇప్పటి కుర్రాళ్ళ సంగతి. వాళ్ళు పనిముట్టు కొస చూస్తారు. ఏ రకం బిళ్ళ పెట్టారు, ఎంత మెరుస్తోంది, ఎన్ని ముక్కలు ఇస్తున్నారు. ఆ కొసను మోసే కడ్డీ ఎంత లావుందో చూసేవాడు ఒక్కడూ నాకు కనబడలేదు. లోపల తొలిచేటప్పుడు ప్రాణం కడ్డీలో ఉంటుంది. బయట పనిచేసేటప్పుడు ఉలి కొసకూ, ఉలిని ఆనించే టూల్ రెస్టుకూ మధ్య ఎడం అంగుళం కూడా ఉండదు. అదే కుండ లోపలికి వెళ్తే కొస రెస్టుకు నాలుగంగుళాలు, ఆరంగుళాలు అవతల గాలిలో వేలాడుతుంది. అక్కడ చెక్క కొట్టే దెబ్బ ఇవతల మన మణికట్టు మీద పడుతుంది.

దీనికో లెక్క ఉంది, ఇంజనీరింగు చదివిన కుర్రాళ్ళు కాలేజీలో రాసిన లెక్కే. కడ్డీ రెస్టు దాటి ఎంత పొడవు వేలాడుతుందో, వంగుడు దాని ఘనానికి తగ్గట్టు పెరుగుతుంది. నాలుగంగుళాల చోట ఎనిమిదంగుళాలు చాపితే అదే కడ్డీ ఎనిమిది రెట్లు వంగుతుంది. కడ్డీ లావు పెంచితే బిగువు దాని నాలుగో ఘాతంలో పెరుగుతుంది. అర అంగుళం కడ్డీ బదులు ముప్పావు అంగుళం కడ్డీ తీసుకుంటే ఐదు రెట్లు బిగువు. మా మేస్త్రులకు ఘాతాలు తెలియవు గాని లోతు పని అనగానే లావు కడ్డీ అందుకునేవాళ్ళు. లెక్క చదివినవాళ్ళేమో సన్నకడ్డీకి ఖరీదైన బిళ్ళ బిగించిన సెట్టు కొనుక్కొచ్చి, "మేస్త్రి గారూ, లోపల దడదడ కొడుతోందండీ" అంటున్నారు. కొట్టదా మరి!

కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవాడికి నేను చెప్పేది ఇది. మొదట చేసేవి మూడు నాలుగంగుళాల లోతు పిడతలు, భరిణెలు. వాటికి అర అంగుళం కడ్డీ చాలు. ఇంకా లోతుకు వెళ్ళినప్పుడు ముప్పావు అంగుళం కడ్డీ. పిడి పొడవుగా ఉండాలి. రెస్టు అవతల ఎంత ఉందో, ఇవతల దానికి మూడు నాలుగు రెట్లు మన చేతుల్లో ఉండాలి. పిడి చివర మోచేతికీ పక్కటెముకలకూ మధ్య ఇరికించుకుంటే ఒళ్ళంతా ఆ దెబ్బను కాస్తుంది, ఒక్క మణికట్టు మీద పడదు. ఆ పిడి కొనక్కర్లేదు. లేత్ ఉన్నవాడు పిడి కొనుక్కోవడమంత అన్యాయం ఇంకోటి లేదు. మొట్టమొదట తరిమెన పట్టాల్సింది ఆ పిడినే.

పనిముట్టు ఎలా చేయించుకోవాలో కూడా చెబుతాను. ఇనుప సామాను కొట్టుకెళ్ళి ఎమ్మెస్ రౌండు రాడ్డు అడగండి, అర అంగుళానిది, రెండడుగుల ముక్క. నున్నగా ఉండే బ్రైట్ బార్ దొరికితే మరీ మంచిది, రెస్టు మీద జారుతుంది. హనుమాన్ జంక్షన్‌లో గాని, విజయవాడ ఆటోనగర్‌లో గాని ఏ లేత్ షాపుకైనా తీసుకెళ్ళి కొసలో అడ్డంగా ఒక బెజ్జం వేయించి, దాన్ని బిగించడానికి ఒక గ్రబ్ స్క్రూకి ట్యాప్ కొట్టించండి. ఆ బెజ్జంలో హై స్పీడ్ స్టీల్ టూల్ బిట్టు పెట్టండి. మిరండా వంటి మన దేశపు బిట్లు ఇనుము కోసే ప్రతి లేత్ షాపులోనూ ఉంటాయి. సన్నని చదరపు బిట్టు ముక్క చాలు. కొస గోరులా గుండ్రంగా సానపట్టి, అర అంగుళానికి మించకుండా బయటికి ఉంచి బిగించండి. ఇదే మీ తొలుపుడు ఉలి. పదును పోతే సానపడతారు, అరిగిపోతే బిట్టు మారుస్తారు, కడ్డీ మీ మనవడిదాకా ఉంటుంది.

ఇది బీదవాడి ఉపాయం అని ఎవరైనా చిన్నచూపు చూస్తే వాళ్ళకో సంగతి చెప్పండి. అమెరికాలో డేవిడ్ ఎల్స్‌వర్త్ అనే ఆయన 1970ల్లో సన్న మూతితో, పల్చని గోడలతో కొయ్య పాత్రలు చెయ్యడం మొదలుపెట్టాడు. వేలు పట్టే మూతిలోంచి లోపలంతా తొలిచే పని అది. దానికి కావలసిన వంకర పనిముట్లు ఆయనే రూపొందించుకున్నాడు. 1986లో అక్కడి చెక్క తరిమెనవాళ్ళంతా కలిసి సంఘం పెట్టుకుంటే తొలి అధ్యక్షుడు ఆయనే. అంటే ఈ విద్యకు పేరు తెచ్చినవాడు కూడా సెట్టు కొని మొదలుపెట్టలేదు. పని ఏమడిగిందో అది చేసుకున్నాడు. మన కమ్మరి కొలిమి దగ్గర నిలబడి మా పెద్దలు చేసిందీ అదే.

మంచి ఏదొచ్చినా మంచిదే అనాలి. హై స్పీడ్ స్టీల్ మా కాలపు కమాను పట్టీ కన్నా మేలైనదే. టేలర్, వైట్ అనే ఇద్దరు అమెరికాలో తయారుచేసి 1900 నాటి పారిస్ ప్రదర్శనలో చూపించినది ఈ రకం ఉక్కే. ఎర్రబడేంత వేడిలో కూడా పదును వదలకుండా ఇనుము కోస్తుంటే లోకం ఆశ్చర్యపోయింది. మా ఉలి సానరాయి మీద కాస్త నీలం తిరిగితే చచ్చిపోయేది. ఇది సుమారు 600 డిగ్రీలదాకా తట్టుకుంటుంది. అలాగే విడియా బిళ్ళ. 1920ల్లో జర్మనీలో క్రప్ కంపెనీ తెచ్చిన కార్బైడ్ అది. బిళ్ళ ఒక వైపు మొద్దుబారితే స్క్రూ వదులుచేసి కాస్త తిప్పుకుంటే చాలు, మళ్ళీ కొత్త పదును. సానపట్టడం రానివాడికి అది సులువే, కాదనను.

కానీ ఆ సులువులోనే నా ఫిర్యాదు ఉంది. చదును బిళ్ళ చెక్కను కోయదు, గీకుతుంది. గిన్నెకు దుంగను అడ్డంగా బిగిస్తాం, పిడతకూ భరిణెకూ నిలువుగా బిగిస్తాం. నిలువుగా బిగిస్తే పోగు కొసలు మూతి లోంచి మనవైపే చూస్తుంటాయి. వాటిని గీకితే అడుగున పీచు లేస్తుంది, తర్వాత ఎంత ఉప్పు కాగితం రుద్దినా గరుకు పోదు. గుండ్రటి కొస ఉన్న ఉలిని అప్పుడప్పుడు సానపట్టి, మధ్య నుంచి అంచు వైపు తెస్తూ కోస్తే ఆ పోగు నున్నగా తెగుతుంది. నిలువు దుంగలో మధ్య నుంచి బయటికి, అడ్డ దుంగ గిన్నెలో అంచు నుంచి మధ్యకు. ఈ రెండు దారులూ తెలిసినవాడికి ఏ బిళ్ళైనా పనిచేస్తుంది. తెలియనివాడికి ఏ బిళ్ళా పనిచెయ్యదు. సానపట్టడం తప్పించుకుందామని బిళ్ళ కొన్నవాడు, పదును అంటే ఏమిటో చేతికి తెలియకుండానే ఏళ్ళు గడిపేస్తాడు. అందుకే విడియా వద్దనను, మొదట వద్దంటాను.

కొనదలిస్తే మాత్రం చూసి కొనండి. బిళ్ళ అందరూ చేసే కొలతదేనా, ఆ అమ్మినవాడి దగ్గరే దొరికేదా అని అడగండి. రేపు వాడు కొట్టు మూసేస్తే మీ పనిముట్టు మూలపడుతుంది. బిళ్ళ కూర్చునే గుంత చదునుగా ఉండాలి, స్క్రూ తల బిళ్ళలో మునిగి ఉండాలి. చవక సెట్లలో కడ్డీ పిడి లోపలికి రెండంగుళాలు కూడా దిగదు. లాగి చూసి, ఊపి చూసి తీసుకోండి. ముక్కలు ఎన్ని ఇస్తున్నాడన్నది లెక్కలోకే తీసుకోవద్దు. పది ముక్కల పెట్టెలో మీ చేతికి అలవాటయ్యేవి రెండే.

వంకర కడ్డీ గురించి కూడా ఒక మాట. మూతి సన్నగా, బొజ్జ పెద్దగా ఉండే కుండకు వంకర కావాలి, నిజమే. కానీ కొస కడ్డీ వరసకు ఎంత పక్కకు జరిగి ఉంటే, చెక్క దాన్ని పట్టినప్పుడు మన చేతిలో పిడి అంత గట్టిగా మెలితిరుగుతుంది. హంసమెడలా వంచిన కడ్డీలో కొస మళ్ళీ కడ్డీ వరసలోకే వస్తుంది, అలాంటిది మేలు. ఏ వంకరైనా సరే, రెస్టు మీద ఆనేది తిన్నని భాగమే. వంపు రెస్టు మీదకొచ్చిందంటే పిడి చేతుల్లోంచి ఎగురుతుంది. తిన్న కడ్డీతో నాలుగు పిడతలు సరిగ్గా చెయ్యకుండా వంకర కడ్డీ ముట్టుకోకూడదు. కడ్డీని ఇనుప చట్రంలో బిగించేవీ, లోపల కొస ఎక్కడుందో లేజరు వెలుగుతో చూపించేవీ ఇప్పుడు అమ్ముతున్నారు. అడుగు పైబడిన లోతు కుండలు చేసేవాడికి వాటి అవసరం ఉంటుంది. మొదటి ఏడాది వాళ్ళకు అవి డబ్బు దండగ.

డబ్బు పెట్టాల్సిన చోటు ఇంకోటుంది. సానపట్టే గ్రైండరు. దానికి మంచి రాయి, ఉలి ఒకే వాలులో ఆనించడానికి ఒక చిన్న బల్ల. పనిముట్టు మీద పెట్టే డబ్బులో సగం దీని మీద పెట్టమంటాను. తర్వాత మందం కొలిచే కాలిపర్. గోడ మందం వేళ్ళతో తడిమి చూసి నమ్మవద్దు. కొత్తవాళ్ళు ఆరు మిల్లీమీటర్ల గోడ దగ్గర ఆగండి. తర్వాత డ్రిల్ బిట్టు. ముందు మధ్యలో కావలసిన లోతుకు బెజ్జం వేసుకుంటే సగం పని అయినట్టే. లోతు గుర్తుకు బిట్టు మీద ఒక టేపు ముక్క చుట్టండి. ఆ గుర్తు దాటకపోతే అడుగు చిల్లుపడదు.

పని మొదలుపెట్టాక ఉలి కొస కొయ్య మధ్య ఎత్తులో గాని, వెంట్రుకవాసి పైన గాని ఉండాలి. కడ్డీ కాస్త వంగి కిందికి దిగినా కొస ఖాళీలోకి వెళ్తుంది, చెక్కలో దిగబడదు. వేగం లెక్క తేలిక. అంగుళాల్లో అడ్డకొలతను నిమిషానికి తిరిగే చుట్లతో గుణిస్తే 6000 నుంచి 9000 మధ్య రావాలంటారు. నాలుగంగుళాల కొయ్యకు 1500 చుట్లు ఆ లెక్కలో కింది అంచు. లోపలి పనికి ఇంకా తక్కువలో మొదలుపెట్టండి. పొట్టు లోపల నిండిపోతే కడ్డీ ఇరుక్కుంటుంది, కాబట్టి మాటిమాటికీ ఆపి దులపండి. ఆపి అన్నాను. తిరుగుతుండగా వేలు పెట్టినవాడి వేలు వాడిది కాదు.

కలప దగ్గరికి వస్తే నా బాధ రెట్టింపవుతుంది. మాది మామిడి సీమ. ముసలి తోట కాపు తగ్గితే కొట్టేస్తారు, రోడ్డు వెడల్పు చేస్తే కొట్టేస్తారు, ప్లాట్లు వేస్తే కొట్టేస్తారు. ఆ దుంగలు ఎక్కువగా వంటచెరకుకే పోతున్నాయి. ఒకప్పుడు పళ్ళు సర్దే పెట్టెలకైనా కాసింత మామిడి పలక పనికొచ్చేది, ఇప్పుడు ఆ చోటంతా ప్లాస్టిక్ ట్రేలది. ఇక్కడ కుర్రాడేమో కొరియర్లో అట్టపెట్టెలో వచ్చిన ఎండు చెక్క ముక్కకు వందలు పోసి, దాని మీద చెయ్యి తిరగని పని చేసి పాడుచేస్తున్నాడు. నేర్చుకునేవాడికి మామిడి కన్నా మంచి గురువు లేదు. దొరుకుతుంది, చవక, మరీ గట్టీ కాదు మరీ మెత్తనా కాదు. ముసలి మానులో చార ఎంత అందంగా ఉంటుందో తొలిచి నూనె రాసినవాడికే తెలుస్తుంది.

మామిడితో జాగ్రత్తలూ ఉన్నాయి. పచ్చి దుంగ సొన కొందరి ఒంటికి పడదు, దద్దులు లేస్తాయి. దుంగ కోసిన రోజే రెండు కొసలకూ మైనం గాని పాత రంగు గాని పూయండి, లేకపోతే నెర్రెలు విచ్చుతుంది. నీడన పెట్టండి. ఎక్కువ రోజులు తడిగా వదిలేస్తే నల్లచారలు పడుతుంది, పురుగు పడుతుంది. పచ్చి మీదే తొలిస్తే ఉలికి సుఖం, దుమ్ము తక్కువ. కాకపోతే గోడ అంతటా ఒకే మందం ఉంచి కాగితం సంచిలో పెట్టి నెమ్మదిగా ఆరనివ్వాలి. నెర్రె ఉన్న దుంగను మాత్రం, ఎంత అందంగా ఉన్నా, కొత్తవాడు లేత్ ఎక్కించకూడదు. తొలుస్తుండగా విచ్చుకుంటే ముక్క ముఖం మీదకే వస్తుంది.

మా రోజుల్లో అన్నీ బాగున్నాయని నేను అనను. దుమ్ముకు ముక్కు కట్టుకున్నవాడు లేడు. సాయంత్రానికి దగ్గు, రాత్రికి ఆయాసం, దాన్నే పని గుర్తు అనుకునేవాళ్ళం. ఎందరో మంచి మేస్త్రులు ఊపిరి ఆడకనే వెళ్ళిపోయారు. ఇప్పుడు మాస్కు ఉంది, ముఖానికి అడ్డు ఉంది, మోటారు ఉంది, చెక్క పట్టుకునే చక్ ఉంది. ఇవన్నీ వాడండి. లుంగీతో, మెడలో కండువాతో, పొడుగు చేతుల చొక్కాతో లేత్ దగ్గరికి వెళ్ళకండి. చేతి తొడుగులూ వద్దు, తిరిగే కొయ్య తొడుగుతోపాటు చేతిని లాక్కుంటుంది. ఈ విషయాల్లో నేటి కాలానిదే పైచేయి.

నా గొడవంతా ఒక్కదాని మీద. పక్కన నిలబడి నేర్చుకోవడం పోయింది. ఐటీఐలో టర్నర్ అంటే ఇనుము పని, చెక్క తరిమెన పేరుతో ప్రత్యేకంగా ట్రేడు లేదు. కాబట్టి ఈ విద్య ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి రావాల్సిందే. కొలిమి పక్కన నిలబడితే ఉక్కు తెలిసేది, మేస్త్రి పక్కన కూచుంటే ఉలి తెలిసేది. ఇప్పుడు వీడియో చూస్తారు. వీడియోలో ఉలి కనబడుతుంది, కడ్డీ ద్వారా చేతికి వచ్చే వణుకు కనబడదు. ఆ వణుకే చెబుతుంది పదును పోయిందని, గోడ పల్చబడిందని, ఎడం ఎక్కువైందని. అది చెప్పేవాడు లేకనే కుర్రాడు మళ్ళీ బజారుకు పోతున్నాడు. పనిముట్టు మారిస్తే పని మారుతుందని ఆశ. అమ్మేవాడికి ఆ ఆశే పెట్టుబడి.

కాబట్టి మామిడి సీమ కుర్రాళ్ళకు నా మాట ఇది. ఒక గ్రైండరు, ఒక గుండ్రటి కొస ఉలి, చేయించుకున్న ఒక తిన్న కడ్డీ, ఒక డ్రిల్ బిట్టు, ఒక కాలిపర్. మొదటి ఏడాది ఇంతకుమించి రూపాయి పెట్టకండి. ఏటికొప్పాక ఒకసారి వెళ్ళి, బొమ్మ కొనడమే కాదు, చేసేవాళ్ళ అనుమతి తీసుకుని పక్కన కాసేపు కూచోండి. మీ ఊళ్ళో కొలిమి ఇంకా ఉంటే ఒక ఉలి చేయించుకోండి, కమ్మరికీ పని దొరుకుతుంది. వంటచెరకుకు పోతున్న మామిడి దుంగలో రెండు ముక్కలు అడిగి తెచ్చుకుని, వాటిలో భరిణెలూ పిడతలూ వరసపెట్టి తొలవండి. మూత బిగుతుగా కూర్చునే భరిణె ఒకటి మీ చేత వచ్చిన తర్వాత కూడా ఆ ఖరీదైన సెట్టు కావాలనిపిస్తే కొనుక్కోండి, నేను అడ్డు చెప్పను.